ముప్పై ఏడో ఫోల్డరు మీద పేరు

థీసిసులకు అట్టలు కట్టి, వీపు మీద బంగారు అక్షరాలు అద్దడం నా పని. లోపల ఏం రాశారో నేను చదవను. చదివేది పక్క కొట్టు నియేవెస్ తెర్సెరోస్; పెద్దావిడ కాబట్టి అందరూ మర్యాదగా దోన్యా అంటారు. కోచబాంబా ఊళ్లో మా వీధి విశ్వవిద్యాలయం గేటుకు ఎదురుగా ఉంటుంది, అక్కడే ఆమెకు జిరాక్సు కొట్టు. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి డిగ్రీలు చదివేవాళ్ల తప్పులు దిద్దుతుందంటే మొదట్లో నాకు ఒళ్లు మండేది. నా దగ్గరికి రావలసిన కట్టలన్నీ ఆమె దగ్గరే ఆగిపోయేవి మరి.

మా దగ్గర పుస్తకాలు కొనేవాళ్లు తక్కువ. మాష్టార్లు తమ పాఠానికి కావలసిన కాగితాలు తెచ్చి నియేవెస్‌కు ఇస్తారు. ఆమె వాటిని ఒక ఫోల్డరులో పెట్టి, పైన మాష్టారి పేరు, నంబరు, సంవత్సరం లావుపాటి మార్కరుతో రాస్తుంది. పిల్లలు వచ్చి “అరాందియా ముప్పై ఏడు” అని అడిగి కాపీ తీయించుకుంటారు. అలా రెండు వందల పైచిలుకు ఫోల్డర్లు ఆమె గోడ నిండా ఉన్నాయి. ఏ మాట ఏ ఫోల్డరులో ఉందో ఆమెకు కంఠతా వచ్చు.

అందుకే థీసిస్ చివర ఆధారాల జాబితా ముందుగా ఆమె ఎర్ర పెన్సిలు కిందికే వస్తుంది. “ఇది ఎవరు చెప్పారు? ఎక్కడ చెప్పారు?” అని అడుగుతుంది. పోయిన ఏడాది ఒక లాయరు గారి కొడుకు ఒకచోట ‘ఇంటర్నెట్ నుంచి’ అని రాసుకొచ్చాడు. “ఇంటర్నెట్టుకు ఇంటిపేరేంటి నాయనా?” అంది. వాడి ముఖం చూడాలి!

ఒక మంగళవారం పొద్దున యోబానా సురీతా అనే అమ్మాయి ఏడుపు ముఖంతో వచ్చింది. మా లోయలో రైతులు కాలవ నీళ్లు వంతులేసుకుని పంచుకునే పద్ధతి మీద ఆమె థీసిస్. గురువారం అందరి ఎదుటా దాన్ని సమర్థించుకోవాలి. ముగ్గురు పరీక్షకుల్లో ఒకాయన, ఎత్తిరాసిన ప్రతి మాటకూ పేజీ నంబరు ఉండాల్సిందేనని తిప్పి పంపాడు. ఆ తేదీ తప్పితే మళ్లీ మార్చి దాకా ఆగాలి. వాళ్ల ఊరి నీటి సంఘంవాళ్లు ఆ పట్టా వస్తుందనే ఆమెకు ఉద్యోగం అట్టేపెట్టి ఉంచారు.

“అరాందియా ముప్పై ఏడు కాపీలో పేజీ నంబర్లే లేవు దోన్యా. తొమ్మిది చోట్ల ఎత్తిరాశాను. ఇప్పుడు ఏం చెయ్యను?”

“నంబర్లు తెగ్గోసింది నా మిషనే. అసలుది అటక మీద ఉంటుంది. ఏడుపు ఆపి ఆ నిచ్చెన పట్టుకో.”

అరాందియా గారు ఇరవై రెండేళ్ల కిందట ఇచ్చి, తిరిగి పట్టుకెళ్లడం మరిచిపోయిన పల్చటి పుస్తకం అది. పైఅట్ట లేదు, మొదటి పేజీలూ లేవు. నంబర్లు తొమ్మిదీ దొరికాయి. అప్పట్లో పాఠం లేదని కాపీ తీయకుండా వదిలేసిన చిట్టచివరి పేజీ కూడా నియేవెస్ ఈసారి తిప్పింది. అక్కడ అడుగున చిన్న అక్షరాల్లో రచయిత పేరు ఉంది: ఎల్బా సొలీస్, 1987.

ఆమె గోడ మీది ఫోల్డరు అందుకుని దాని అట్ట చూసింది. తర్వాత నన్ను కేకేసింది.

“ఎలోయ్, ఇటు రా. ఈ ఫోల్డరు మీద ఉన్నది నా చేతిరాతేనా?”

“మీదే. అరాందియా, ముప్పై ఏడు, 2001.”

“పాఠం చెప్పేది ఆయన కాబట్టి ఆయన పేరు రాశాను. ఫోల్డరు తెరిచిన ఏడాది వేశాను. వీళ్లంతా పుస్తకం రాసింది ఆయనే, రాసింది ఆ ఏడాదే అనుకున్నారు. ఇరవై రెండేళ్ల నుంచి!”

యోబానా తెల్లబోయింది. “వదిలేద్దాం దోన్యా. అందరూ అలాగే రాశారు కదా. పరీక్షకుల్లో అరాందియా సారే పెద్ద. ఆయన పేరు నేను కొట్టేస్తే నన్ను బతకనిస్తారా?”

నిజం చెప్పాలంటే నేనూ ఆ పిల్ల వైపే మాట్లాడాను. ఆయన కన్నెర్ర చేస్తే మా వీధికి బేరాలు రావు. నాకు భయం వేసింది.

నియేవెస్ మా ఇద్దరినీ చెడామడా తిట్టింది. “ఊళ్లో పిల్లలందర్నీ ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారని నిలదీశాను. నా దాకా వచ్చేసరికి నోరు మూసుకోవాలా? నువ్వు ఉన్నది ఉన్నట్టు రాయి తల్లీ. ఆయన అడిగితే సమాధానం నేను చెప్తా.”

యోబానా ఎర్ర పెన్సిలు తీసుకుని తొమ్మిది చోట్లా అరాందియా పేరు తనే కొట్టేసి ఎల్బా సొలీస్ అని రాసింది. బుధవారం కొత్తగా అచ్చు తీసిన మూడు ప్రతులకూ నేను అట్టలు కట్టాను.

గురువారం హాలు నిండా బంధువులు, పూలగుత్తులు, పాసైనవాళ్ల నెత్తిన చల్లడానికి రంగు కాగితం ముక్కల పొట్లాలు. నియేవెస్ మంచి శాలువా కప్పుకుని నా పక్కన కూర్చుంది. అరాందియా ఆధారాల జాబితా దాకా వచ్చి ఆగాడు.

“సెన్యోరితా సురీతా, ఈ నలభై ఒకటో పేజీ మాట ఎవరిది?”

“ఎల్బా సొలీస్ గారిది, సార్.” యోబానా తన ప్రతిలో ఆ పేజీ తీసి చూపించింది.

“అందరూ నా పేరే రాస్తారే?”

వినడానికి వచ్చినవాళ్లు అక్కడ నోరెత్తకూడదు. నియేవెస్ లేచి నిలబడింది.

“ఫోల్డరు మీద ఆ పేరు రాసింది నేను, సార్. తప్పు నాది. ఈ పిల్లది కాదు.”

“మీరు కూర్చోండమ్మా,” అన్నాడు ఇంకో పరీక్షకుడు.

“కూర్చుంటా. ముందు ఇది చూడమనండి.” నడిచి వెళ్లి పుస్తకం బల్ల మీద పెట్టి వచ్చింది.

అరాందియా చివరి పేజీ చూశాడు. పుస్తకం మూసి తన ముందు పెట్టుకున్నాడు. “అభ్యర్థిని రాసింది సరైనదే,” అన్నాడు చివరికి. “తర్వాతి ప్రశ్న.” ఇంకో గంటకు యోబానా నెత్తి నిండా రంగు కాగితాలే. నేను కూడా ఓ గుప్పెడు చల్లాను, సిగ్గుపడుతూనే.

శనివారం పొద్దున అరాందియా మా వీధికి వచ్చాడు. నియేవెస్ అప్పటికే ఫోల్డర్లన్నీ దింపి కొత్త అట్టలు రాస్తోంది: పాఠం చెప్పేది ఫలానా, రాసింది ఫలానా.

ఆయన పుస్తకం నా బల్ల మీద పెట్టాడు. “దీనికి గట్టి అట్ట కట్టండి. బంగారు అక్షరాలతో ఆవిడ పేరు వెయ్యండి. గ్రంథాలయానికి ఇస్తాను.” వెళ్లలేదు, అక్కడే నిలబడ్డాడు. “ఎల్బా మేడమ్ నాకు చదువు చెప్పారు. మొదటిసారి ఒకడు నా పేరు రాస్తే సరిదిద్దుదామనే అనుకున్నాను. మరుసటి ఏడాది ముగ్గురు రాశారు. ఆ తర్వాత నాకే బాగుందనిపించింది.”

నియేవెస్ దెప్పలేదు, ఓదార్చలేదు. “ఇద్దరం కలిసే చేశాం సార్. రాసింది నేను, ఊరుకుంది మీరు.”

“నా పేరు మాత్రం ఇందులో ఎక్కడా వద్దు.”

“అదెలా కుదురుతుంది? ఇది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రాయొద్దూ?” పెన్సిలు తీసి, చివరి పేజీలో ఎల్బా సొలీస్ పేరు కింద తన గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘ఈ ప్రతి ఇచ్చింది ఓవిడియో అరాందియా, ఆవిడ శిష్యుడు.’

ఆయన చదువుకుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“సంవత్సరం వెయ్యలేదే?”

“పోయినసారి నా అంతట నేనే వేశాను. ఈసారి మీరే చెప్పండి సార్,” అంది నియేవెస్.