సాగనంపితే పోనిది

మొన్న పాఠం చెబుతుంటే ముందు బెంచీ నుంచి వేపాకూ పసుపూ కలిసిన వాసన వచ్చింది. అమ్మవారు తగ్గి, తలకు నీళ్ళు పోయించుకుని, ఆ ఉదయమే కాలేజీకి వచ్చిన అమ్మాయి అక్కడ కూర్చుంది. నేను చెబుతున్నది హెచ్.ఐ.వి. పాఠం. ఆ వాసనా ఈ పాఠమూ ఒకచోట చేరేసరికి బోర్డు మీద ఏం రాస్తున్నానో మరిచిపోయాను. సత్యవతి మేడం గుర్తొచ్చారు. విజయనగరంలో నేను డిగ్రీ చదివినప్పుడు మాకు మైక్రోబయాలజీ చెప్పింది ఆవిడే. ఇప్పుడు లేరు.

తనకు అర్థం కానిచోట మేడం పాఠం ఆపేసి, చాక్‌పీసు పట్టుకుని బోర్డు వంకే చూస్తూ నిలబడిపోయేవారు. మేం లోలోపల నవ్వుకునేవాళ్ళం. హెచ్.ఐ.వి. పాఠం రోజునా అలాగే జరిగింది. "వైరస్ ఒంటిమీద జీపీ-120 అనే ప్రొటీన్ ఉంటుంది. అది మన రక్షక కణం మీదున్న సీడీ4ని పట్టుకుంటుంది. పట్టుకోగానే దాని ఆకారం మారి, పక్కనున్న ఇంకో ప్రొటీన్ కూడా చేతికి దొరుకుతుంది. అప్పుడు అడుగున దాక్కున్న జీపీ-41 గాలంలా కణం పొరలో గుచ్చుకుని వైరస్‌నీ కణాన్నీ దగ్గరికి లాగి కలిపేస్తుంది" అన్నారు. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డు ఊరు, గాలం సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు. అర్థం కానిది వేరే. "మనల్ని కాపాడే కణానికి శత్రువు పట్టుకునే పిడి ఎందుకుంది మేడం?" అని అడిగాను. "అది శత్రువు కోసం పెట్టింది కాదమ్మా. మిగతా కణాలు తెచ్చి చూపించినదాన్ని గట్టిగా పట్టుకుని పోల్చుకోడానికి. అది లేకపోతే కాపలాయే లేదు. మరి సరిగ్గా దాన్నే పట్టుకోవాలని ఈ వైరస్‌కెలా..." అని ఆగిపోయారు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. మా అన్నయ్యకు ఉన్నది ఆ జబ్బే.

అన్నయ్య చేపల వేటకు గుజరాత్ రేవులకు వలస వెళ్ళేవాడు. జబ్బు బయటపడ్డాక రోజూ మాత్రలు మింగి మళ్ళీ మనిషయ్యాడు. నేను ఫైనలియర్లో ఉండగా డాక్టరు, రక్తంలో వైరస్ కనబడటం లేదు, మందులు మాత్రం మానొద్దు అన్నారు. మా అమ్మ మొదటి సగమే విన్నది. మా ఊళ్ళో అమ్మవారు తగ్గితే వేపాకు నీళ్ళు పోసి, పెరుగన్నం నైవేద్యం పెట్టి సాగనంపుతారు. సాగనంపాక మందు ముడితే ఆ తల్లి అలిగి తిరిగొస్తుందని భయం. అమ్మ అన్నయ్యకూ అదే చేసింది. మాత్రల డబ్బాను పెరుగన్నంతోపాటు సముద్రంలో కలిపేసింది. నాకు తెలిసేసరికి అన్నయ్యకు మళ్ళీ జ్వరాలు. అన్నయ్య పోతాడేమోనని భయపడిపోయాను. ఫోన్లో ఎంత మొత్తుకున్నా అమ్మ వినలేదు. ఏడుస్తూ మేడం దగ్గరికి వెళ్ళాను.

ఆ ఆదివారం ఆవిడ నాతో బస్సెక్కి మా ఊరొచ్చారు. అమ్మ ఎండు చేపలు ఏరుతుంటే పక్కన గోనెపట్టా మీద కూర్చున్నారు. "ఆ వైరస్ కొన్ని కణాల్లో, కణం సొంత జన్యువుల్లోనే కలిసిపోయి పడుకుంటాదమ్మా. మాత్ర దాన్ని పెరగనివ్వదు. పడుకున్నదాన్ని మాత్రం ఏం చెయ్యలేదు. మందు ఆపితే లేస్తాది" అన్నారు. అన్నయ్య గుమ్మంలో దుప్పటి కప్పుకుని వింటున్నాడు.

"కనబడదంతారు, ఉన్నాదంతారు. సాగనంపితే పోనిది ఏటమ్మా అది?" అంది అమ్మ.

మేడం బోర్డు వంక చూసినట్టే సముద్రం వంక చూస్తూ కూర్చున్నారు. "నాకూ తెలీదమ్మా. దాన్ని పంపించే దారి, అందరికీ పనికొచ్చేది, ఇంకా దొరకలేదు. ఆపితే లేస్తాదని మాత్రం తెలుసు" అన్నారు.

అమ్మ చేతిలో చేపను బుట్టలో పడేసింది. "అయితే ఇది సాగనంపే అమ్మ కాదు. మన ఇలవేల్పు గంగమ్మలాగ ఇంట్లోనే ఉంటాది. రోజూ దీపం ఎట్టాల" అంది. తరవాత గుమ్మం వైపు తిరిగింది. "ఒరే, రేపే ఆస్పత్రికెళ్ళి ఆ మందులు తెచ్చుకో."

తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక, "వైరస్‌ని అమ్మవారంటే ఊరుకున్నారేం మేడం? తప్పు కదా?" అన్నాను. "తప్పే. రేపు మీ అన్నయ్య మందు మొదలెడతాడు, అది ఒప్పు. ఆ తప్పులోంచి ఈ ఒప్పు ఎలా వచ్చిందో నాకూ తెలీడం లేదు. నువ్వు ఆలోచించు" అన్నారు.

ఆలోచిస్తూనే ఉన్నాను. ఆవిడ పోయారు, నాకింకా తెగలేదు. మొన్న ఆ పసుపు వాసన పిల్ల లేచి, "వైరస్‌ని మొత్తం పంపించేయలేమా మేడం?" అని అడిగింది. చాక్‌పీసు పట్టుకుని బోర్డు వంక చూస్తూ ఉండిపోయాను. "ఎలాగో నాకూ తెలీదమ్మా" అన్నాను. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు కోపం రాలేదు.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. జబ్బు పేరు నేనెత్తను, అమ్మా ఎత్తదు.

"అమ్మా, దీపం ఎట్టేవా?"

"ఎట్టేనే. ఆడూ ఏసుకున్నాడు."