పెట్టెలో వంగిన కమాను

"కొత్తది ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేస్తే పోయేదానికి ఇంత దూరం డ్రైవ్ చేయడం ఏంటే?" అని మా ఆయన మౌంట్ రాస్కిల్‌లోని మా ఇంటి నుంచి దారంతా సణుగుతూనే ఉన్నాడు. లోవర్ హట్‌లో ఒక ఫ్రెంచాయన తన గరాజ్‌లో వయొలిన్ కమాన్లు చేస్తాడని విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు మరి.

నా కమాను మా వయొలిన్ మాష్టారిది. నేను చదువుకోవడానికి ఈ దేశం వచ్చేటప్పుడు నా చేతిలో పెట్టారు. మొన్న బయటికి తీసి తీగ మీద పెడితే గెంతింది.

ఫ్రెంచాయన ఒక కన్ను మూసి కర్ర పొడవునా చూశాడు. నేనూ ఒక కన్ను మూసి చూశాను గానీ ఏమీ తెలియలేదు. లోపలికి వంపు ఉండాల్సిన కర్ర తిన్నగా అయిపోయిందట, పైగా పక్కకి వాలిందట. సెగ చూపించి మళ్లీ వంచాలి, పాతది కాబట్టి విరిగినా విరగచ్చు అన్నాడు.

"పట్టుకునే చోట ఈ ఎర్ర పొడి ఏమిటి?" అని అడిగాడు.

"కుంకుమ. ఏటా విజయదశమికి సరస్వతీదేవి ముందు పెట్టి బొట్టు పెడతాం."

"వాయించాక కమానుకి కట్టిన ఈ గుర్రపు వెంట్రుకలు వదులు చేస్తారా?"

చివరన ఉన్న మర తిప్పితే వదులవుతాయని నాకు తెలుసు. కానీ మాష్టారు ఎప్పుడూ తిప్పలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాఠాలతో ఆయన దాన్ని కింద పెట్టిందే తక్కువ. నేనూ ఆయనలాగే బిగించి ఉంచానని గొప్పగా చెప్పాను.

"ఆఖరిసారి ఎప్పుడు వాయించారు?"

పోయిన విజయదశమికి అనబోయి ఆగాను. ఆ రోజు కూడా బొట్టు పెట్టి పెట్టెలో పెట్టేశాను.

"వాయించి వంగినవి చాలా చూశాను. బిగించి వదిలేస్తే వెంట్రుకలు కర్రని లాగేస్తూనే ఉంటాయి. ఇది పెట్టెలో వంగింది," అన్నాడాయన.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా వంచమన్నాను.

వెంట్రుకలు విప్పి, చిన్న స్పిరిట్ దీపం మీద కర్రను తిప్పుతూ, వేడిని వేలితో చూసుకుంటూ, బల్ల అంచుకి ఆనించి కొద్దికొద్దిగా వంచాడు. మా ఆయన కూడా సణుగుడు మాని దగ్గరికొచ్చాడు. టక్కుమంది. నేను కళ్లు మూసేసుకున్నాను.

"అది బల్ల," అన్నాడు ఫ్రెంచాయన.

కొత్త వెంట్రుకలు కట్టి, వదులుగా ఉన్న కమానునే నా చేతికిచ్చాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం మా ఆయన, "వదులు చేశావా?" అని అడుగుతాడు. వదులు చేయాలంటే ముందు బిగించాలి. బిగించాక వాయించకుండా పెట్టెలో పెట్టడానికి నాకింక చేతులు రావడం లేదు.