బావి ఏ చేతి దిక్కు

మొన్న మా మనవరాలు ఎక్కడో సంపాదించిన తాండూరు పాత నక్షను ఫోనులో పెద్దది చేసి, మీ పెద్దలుండిన గల్లీ ఏదో చూపించు అమ్మమ్మా అని నా ముందు పెడితే, కళ్ళజోడు లేదని తప్పించుకున్నాను. కళ్ళజోడు నా నెత్తి మీదే ఉంది. ఆ గల్లీని నక్షలో వెతకడమంటే ఈ వయసులోనూ నాకు భయమే.

నలభై ఎనిమిదిలో, నిజాం పాలన పోయే రోజుల్లో, మన ఊళ్ళు ఎట్లా ఉండేవో మన ఈడు వాళ్ళంతా పెద్దల నోట విన్నదే. ఆ గడబిడలో మా నాయినమ్మ తాండూరు ఇల్లు వదిలి వికారాబాదు రైలెక్కబోతుంటే, స్టేషన్లో తొక్కిసలాటలో అయిదేళ్ళ చిన్నకొడుకు చెయ్యి జారిపోయింది. పిల్లవాడు మళ్ళీ దొరకలేదు. పెద్దకొడుకైన మా నాయిన అప్పటికే ఏడాది పైగా వికారాబాదులో బట్టల దుకాణంలో పని చేస్తున్నాడు. తాను ఆ వేళ అక్కడ లేకపోవడమే తప్పన్నట్టు బతికాడాయన. తర్వాత గోదాముల కోసం ఆ గల్లీనంతా పడగొట్టేశారు.

కొన్నేళ్ళకు ఎవడో వచ్చి నేనే నీ కొడుకునని నాయినమ్మను నమ్మించి, కొన్నాళ్ళు తిని, చెప్పకుండా పోయాడు. ఆమె మంచం పట్టింది. బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. అందుకే, అరవైల మొదట్లో ఒకనాటి పొద్దున, నాపరాళ్ళ దుమ్ముతో తెల్లబడ్డ చేతులతో, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడే ఒక యువకుడు గుమ్మంలో నిలబడి "అన్నా" అన్నప్పుడు, పదేళ్ళ నేను నాయిన మొహంలో చూసింది సంతోషం కాదు, భయం. ఆయన వెంటనే వంటింటి తలుపు దగ్గరగా వేసి, బండలు పరిచే మేస్త్రి వచ్చాడని నాయినమ్మతో చెప్పాడు.

ఇంట్లోవాళ్ళ పేర్లు మునుపు వచ్చిన మోసగాడూ సరిగ్గానే చెప్పాడు కనుక ఈసారి నాయిన నక్షను నమ్ముకున్నాడు. సర్వే కచేరీలో పనిచేసే మా మేనమామ, నిజాం కాలంలో బట్ట మీద గీసిన తాండూరు నక్షను ఒక్క పూటకని తెచ్చాడు. మా ఇంటి వాకిలి తూర్పుకు, దాని ఎదురుగా గానుగ, ఇళ్ళ వరసకు ఉత్తరం కొసన బావి, అన్నీ ఉర్దూ అక్షరాలతో అందులో ఉన్నాయి. వసారాలో కూర్చోబెట్టిన ఆ యువకుడికి కనబడకుండా దాన్ని చాప మీద పరిచారు. నీళ్ళ చెంబు పట్టుకుని నేను అక్కడే నిలబడ్డాను.

"తలుపు దాటి బయటికొస్తే బావి ఏ చేతి దిక్కుండె?" అని అడిగాడు నాయిన.

అతను కళ్ళు మూసుకుని కుడి చెయ్యెత్తాడు. ఎదురుగా ఏముండేదని అడిగితే, "బండల గోడ. దాని మీదికెక్కి మేకలను చూస్తుంటి" అన్నాడు.

నక్ష ప్రకారం బావి ఉండవలసింది ఎడమ చేతికి. నాయిన బతిమాలుతున్నట్టు ఇంకోసారి అడిగాడు. మళ్ళీ కుడి చెయ్యే లేచింది. మేనమామ నక్ష మడవసాగాడు.

"పో తమ్మీ. మా అమ్మకు మళ్ళ గా దుఃఖం వద్దు" అన్నాడు నాయిన. అతను చెప్పులు వేసుకుని స్టేషన్ దిక్కు నడిచాడు.

చెంబు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిన నేను, మేస్త్రి మన తాండూరు బావి కుడిచేతి దిక్కున్నదని, ఎదురుగా గోడ ఉన్నదని తప్పు చెప్పాడని నాయినమ్మతో అనేశాను. బియ్యం చెరుగుతున్న చాట ఆమె చేతిలోంచి జారిపోయింది. తాండూరులో ఆ చివరి ఏడాదంతా భయంతో ముందు తలుపుకు అడ్డగడియ వేసి అసలు తీయలేదట. ఇంటిల్లిపాదీ దొడ్డి తలుపు నుంచే రాకపోకలట. దొడ్డి తలుపు దాటితే మొహం పడమటికి, ఎదురుగా మేకల దొడ్డి గోడ, ఉత్తరాన ఉన్న బావి కుడిచేతికి. అయిదేళ్ళవాడికి గుర్తున్న వాకిలి అదొక్కటే, ఆ ఏడాది ఇంట్లో లేని నాయినకు ఆ సంగతే తెలియదు.

"వాడు నా పోరడేరా! వానికి ముంగటి తలుపు ఏడ యెరుక?" అంటూ నాయినమ్మ చెప్పులైనా లేకుండా బజారు వెంట పరుగెత్తింది, వెనక నాయిన, ఆయన వెనక నేను. మేము చేరేసరికి తాండూరు బండి కూత వేసింది. నాయినమ్మ ప్రతి కిటికీ దగ్గరా ఆగి చిన్నప్పటి ముద్దుపేరు పెట్టి పిలుస్తూ పోయింది, నాకు ఏడుపు ఆగలేదు, బండి కదిలింది, కదులుతున్న చివరి పెట్టెలోంచి అతను దూకాడు. ఆమె అతని ఎడమ చెయ్యి పట్టుకుంది. ఇంటికొచ్చి అతను అన్నం తింటున్నంతసేపూ కూడా వదలలేదు.

చిన్నాయన మాతోనే ఉండిపోయాడు. ఆనాడు స్టేషన్లో ఆయనను చేరదీసి పెంచింది కన్నడం మాట్లాడే నాపరాళ్ళ కూలీలట, అన్న వికారాబాదు బట్టల దుకాణంలో ఉన్నాడన్న ఒక్క గుర్తుతోనే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడట. నాకు సైకిలు నేర్పిందీ, మా పెళ్ళిళ్ళలో ముందుండి నడిపిందీ ఆయనే. నాయినను ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు, కానీ ఆ పొద్దున పిలిచినట్టు "అన్నా" అని మళ్ళీ పిలవనూ లేదు. నాయిన ఆ పిలుపు కోసం చెవులప్పగించి ఉండేవాడని నాకు తెలుసు.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఈ కాలంలో మనిషి ఎవరో తేల్చడానికి వేలిముద్ర చాలంటారు, ఎవరినీ ఏమీ అడగనక్కరలేదు. అప్పట్లో మాకు అడగడానికి మనుషులుండేవారు. కన్నతల్లి తలుపు అవతలే బియ్యం చెరుగుతూ కూర్చుని ఉంది, ఆమెను అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.