గొడ్ల కొట్టంలో పుట్టిన బిడ్డకు మా అత్త కానుక

మగ్గాలున్న మా ఇల్లు గద్వాలలో. చీరల అమ్మకం కోసం వనపర్తిలో రెండో ఇల్లు తీసుకుని మొన్ననే దిగాం. "ఈడ మనల పలకరించేటోళ్లే లేరు, నేను గద్వాలకు పోత" అంటూ అత్త తన మూట కూడా విప్పలేదు.

ఈ ఉదయం డప్పు, తాళాలతో ఓ గుంపు పాడుతూ వచ్చి సరిగ్గా మా గడప ముందు ఆగింది. క్రిస్మస్ పాటల వాళ్లు. ఇదివరకు ఈ ఇంట్లో పాదిరిగారు ఉండేవారట, ఆయన ఇల్లు మారిన సంగతి వాళ్లకు తెలియదు.

అత్త తలుపు తీసి, "ఏంది బిడ్డా గీ సంబురం?" అంది.

ముందు నిలబడినామె, పేరు శాంతమ్మట, "బాలుడు పుట్టిండవ్వా" అంది.

"మంచి మాట! యాడ పుట్టిండు?"

"గొడ్ల కొట్టంల."

"గింత చలిల గొడ్ల కొట్టంలనా! బాలింతకు జర శొంఠి బెల్లం కాయం పెట్టిన్రా?"

డప్పాయన ముఖం తిప్పుకుని నవ్వుతున్నాడు. నేను అత్త చెవిలో, "ఏసుసామి పుట్టుక అత్తా, ఎన్నడో జరిగిన ముచ్చట" అన్నాను.

అత్త నన్నే కసిరింది. "ఎన్నడు పుడితేంది? గడపకొచ్చి బిడ్డ పుట్టిండని చెప్తే ఒట్టి చేతుల పంపుతరా?"

మూట విప్పి, మెత్తని నూలు గుడ్డ తీసి శాంతమ్మ చేతిలో పెట్టింది. శాంతమ్మ నవ్వుతూనే దాన్ని కళ్లకద్దుకుంది.

ఇప్పుడు సాయంత్రమైంది. అత్త శాంతమ్మ ఇంటికి పంపడానికి కాయం చేస్తానని శొంఠి దంచుతోంది. "ఆడ బాలింత లేదు గదా, తినేదెవరు?" అన్నాను.

"పొద్దుగాల నుంచి పాడిన్రు, గొంతులు పోయుంటయి" అంది.

మీరే చెప్పండి, ఈమెతో ఎలా వాదించేది?