పత్తికట్టె బూడిదలో నార్వే చేప

ఎమ్మిగనూరుకు నార్వే చేపను వండిపెట్టినోణ్ని నేనే. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, క్రిస్మస్ ముందు శనివారం, మా మిషను ఆసుపత్రి ఆవరణలో చేపల పండగ చేస్తే రెండువేల మంది వచ్చినారు. ఆదోని నుంచి బండ్లు కట్టుకొని వచ్చినారు.

రాసింది పైకి చదవడం నాకు అలవాటు. పక్కన అనపకాయలు ఒలుస్తున్న మా ఇంటామె తలెత్తి చూసింది. సరే, రెండు వందలు. ఇంకా చూస్తోంది కాబట్టి నూటయాభై అనుకోండి. బండి ఒకటే వచ్చింది, అదీ పురుటి నొప్పుల మనిషితో.

అక్కడ నేను వంటవాణ్ని. నర్సు దొరసానిది నార్వే దేశం. ఆరేండ్లుగా ఎవరింటికి పిలిచినా పోయి, కింద కూర్చొని, జొన్నరొట్టె పుండికూర ఏది పెట్టినా వదలకుండా తినేది. ఆమె కోరిక ఒకటే. తన ఊరి తిండిని ఈ ఊరు ఒక్కపూట కూర్చొని తినాలి.

"ఎవరూ తినకుండా ఆకు మడిస్తే?" అని నన్నే అడిగింది.

"నేను వండితే మడవరమ్మా" అన్నాను.

ఆ యేడు ఆమె అన్న పార్సిలు పంపినాడు. ఆదోని స్టేషనుకు పోయి విడిపించుకొని బస్సెక్కినాను. పెట్టె నిండా ఎండిన చేపలు, ఒక్కొక్కటి మూరెడు పలక.

కండక్టరు అడ్డమొచ్చినాడు. "కట్టెలు లోపల పెట్టకూడదప్పా, పైన ఎయ్యి."

"కట్టెలు కాదన్నా, చేపలు."

ఒకటి తీసి సీటు కమ్మీకి కొట్టి చూసినాడు. టంగుమంది. "ఇవి చేపలైతే నేను కలెక్టర్ని. పైన ఎయ్యి."

ఆ పలకలను బూడిద నీళ్లలో నానబెట్టి మెత్తబరచాలట. తరువాత ఉడికించి, కరిగిన వెన్న పోసుకొని తినాలట. బూడిద నీళ్లు చెయ్యడం వచ్చా అని దొరసాని అడిగింది. వచ్చన్నాను. రాదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆమె పత్తికట్టె బూడిద దాచుకునేది. చెప్పకుండా తట్టెడు తెచ్చి, గట్టిగా ఉండాలని ఇంకో తట్టెడు కలిపినాను. రెండు దినాలకు పలకలు తెల్లగా, లావుగా పొంగినాయి. ఇక ఉడికించడమే అని పొయ్యి వెలిగించినాను.

బూడిద వెతుక్కుంటా ఆ దుప్పట్లామె వంటింట్లోకి వచ్చింది. కుండలో రెండు వేళ్లు ముంచి రుద్ది చూసింది.

"ఎవురికి ఇది?"

"పండగకు."

"మనుసులకా, దుప్పట్లకా? ఇది తింటే నాలిక ఉతికి ఆరేసినట్టే."

ఆమె మాటతో పొయ్యి ఆరిపోయింది. దుప్పటికి బూడిద పట్టించేది ఒక దినమైతే వదిలించేది నాలుగు నీళ్లని, చేప ఇంకా మందమని తేల్చింది. అయిదు దినాలు, పొద్దున సాయంత్రం, బావి నీళ్లు తోడి మార్చినాను. మార్చినప్పుడల్లా ఆమె వేళ్లు పెట్టి "ఇంకా జారతాంది" అనేది. ఆరోనాడు "సాలు" అనింది. ఈలోగా ఒక చేప అంబలైపోయింది. దాన్ని కుక్క ఎత్తుకపోయిందని ఇన్నేండ్లూ చెప్పుకొచ్చినాను. కుక్క కూడా ముట్టలేదు, వంటింటి వెనక నేనే పూడ్చినాను.

ఆ దుప్పట్లామే ఇప్పుడు అనపకాయలు ఒలుస్తోంది. అన్నీ చూసి కూడా నన్నెందుకు చేసుకునిందో ఈనాటికీ చెప్పదు.

శనివారం వరుసలు కూర్చున్నాయి. ఆకుకు బొటనవేలంత ముక్క. తెల్లగా, ముట్టుకుంటే వణుకుతా ఉంది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. దొరసాని కొంగులేని మనిషి, గౌను అంచునే వేలికి చుట్టుకుంటా నిలబడింది. చివరికి మగ్గాలాయన ఒకడు కొంచెం నోట్లో వేసుకున్నాడు. నమిలినాడు. ఆకు ముందుకు జరిపి, "ఇంకొక తునక ఎయ్యప్పా" అన్నాడు.

అంతే, వరుసంతా వంగింది. ఒక్క ఆకూ మడవలేదు. దొరసాని ఆఖరున కూర్చుంది. మొదటి ముద్దకే ఆమె కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. అమ్మ, మంచు, ఇల్లు, అన్నీ గుర్తొచ్చినాయి. మాట రాక, చెయ్యి చాపి రెండోసారి అడిగింది.

ఇక్కడిదాకా చదివినాను. మా ఇంటామె తలెత్తలేదు.

"వెన్నలో చారెడు కారం కలిపింది నువ్వు. ఊరు తినింది అందుకే, ఆయమ్మకు నీళ్లొచ్చింది అందుకే. రెండోసారి అడిగింది చేపను కాదు, మజ్జిగను."