సూది వేయని డాక్టరమ్మ

నందిగామలో నేను పనిచేసిన నర్సింగ్ హోమ్‌లో నా గదికి రెండు తలుపులుండేవి. ఒకదాంట్లోంచి పేషెంట్లు రావాలి, రెండోదాంట్లోంచి వెళ్ళాలి. రద్దీ తగ్గుతుందని మా పెద్ద డాక్టరుగారు చేసిన ఏర్పాటది. రద్దీ మాత్రం తగ్గలేదు. ఒక పేషెంటు కూర్చుని నోరు తెరిచేసరికే తరవాతివాళ్ళు గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఉండేవాళ్ళు. వాళ్ళ వెనకవాళ్ళు భుజాల మీంచి తొంగిచూసి, "మాదీ అదేనండి, అదే నొప్పి" అనేవాళ్ళు.

అసలు పేషెంటు మాట్లాడటమే అరుదు. ఒకసారి ఒక ముసలాయనతో భార్యా, పక్కింటాయనా వచ్చారు. ఎక్కడ నొప్పి అని ఆయన్ని అడిగితే, భార్య కడుపులో అంది. పక్కింటాయన కాదు, ఛాతీలో అన్నాడు. వాళ్ళిద్దరూ కాసేపు వాదించుకున్నారు. నేను చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపి, "మీరు చెప్పండి తాతగారూ" అన్నాను. ఆయన గొంతు సవరించుకుని, "సూదేస్తారా అండి?" అన్నాడు. అంతే, ఆయన చెప్పదలచుకున్నది అదొక్కటే.

మా ఇల్లు జగ్గయ్యపేటలో. మా ఆయన అక్కడే జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరరు. మా వెనక వీధిలో మా అక్క జాకెట్లు కుట్టే షాపు నడుపుతుంది. పొద్దున్నే హైవే బస్సెక్కి నందిగామ రావడం, సాయంత్రం అదే దారిన వెళ్ళడం, ఇలా చాలా ఏళ్ళు గడిచాయి. పనంటే విసుగు లేదు. కానీ రోజంతా అంతమందిని చూసి బస్సెక్కాక, వాళ్ళలో ఒక్కరి సంగతైనా పూర్తిగా విన్నానా అని ఆలోచిస్తే ఎవరూ గుర్తొచ్చేవారు కాదు.

ఇలా ఉండగా చెవిటికల్లు నుంచి ఒక మిర్చి రైతు జ్వరంతో వచ్చాడు. ఆ రోజు ఎందుకో జనం పలచగా ఉన్నారు. ఇది వైరల్ జ్వరమనీ, సూది అవసరం లేదనీ, నీళ్ళు బాగా తాగి విశ్రాంతి తీసుకుంటే తగ్గిపోతుందనీ ఆయనకి ఓపిగ్గా చెప్పాను. వైరస్ అంటే ఏమిటో కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించాను. ఆయన అన్నిటికీ తలూపాడు. ఆ వారంలోనే మళ్ళీ వచ్చి నవ్వుతూ కూర్చున్నాడు.

"తగ్గిందా?" అన్నాను.

"తగ్గిందండి. ఇంటికి పోతా దార్లో మావూరి ఆర్‌ఎంపీ దగ్గర సూదేయించుకున్నా. మీరు రాసిన బిళ్ళలు మా ఎదురింటాయన వేసుకున్నాడు. ఆయనక్కూడా తగ్గింది."

"మరి మళ్ళీ ఎందుకొచ్చారు?"

"పాపం మీరు అంతసేపు మాట్లాడారు గదండి. ఓ మాట చెప్పి పోదామని వచ్చా."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, విదేశానికి వెళ్ళాలనుకుంటున్నానని మా ఆయనతో చెప్పాను. నాతో చదువుకున్న ఒకావిడ అప్పటికే బ్రిటన్‌లో స్థిరపడింది. అక్కడ పేషెంటు ఒక్కడే లోపలికొస్తాడనీ, తలుపు మూసేసి మాట్లాడతామనీ ఆవిడ ఫోన్లో చెప్పినప్పటి నుంచీ ఆ మూసిన తలుపే నా కళ్ళముందు మెదులుతోంది.

మా ఆయన అంతా విని, "తలుపు మూసుకోడానికి దేశం దాటాలా? వడ్రంగిని పిలిపిస్తే గడియ పెట్టి పోతాడు గదా" అన్నారు.

మా అక్క ఇంకో విధంగా అంది. "ఏమే, ఇక్కడ రోగాలు అయిపోయినయ్యా?"

అయినా ఇద్దరూ వద్దనలేదు. అక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఇంగ్లండు వెళ్ళి ఒక పరీక్ష పాసవ్వాలి. అందులో పేషెంట్లుగా నటులు కూర్చుని ఉంటారు. ఒక్కో గదిలో ఒక్కో కథ. గంట మోగేలోగా పలకరించాలి, కష్టం వినాలి, ధైర్యం చెప్పాలి. జబ్బు పేరు చెప్పగలిగితే సరిపోదు, మాట్లాడిన తీరుకీ మార్కులుంటాయి. దానికి సాధన కావాలి గనక సాయంత్రం పూట అక్క షాపులో, కుట్టు మిషన్ పక్కన, అక్కని పేషెంటుగా కూర్చోబెట్టాను.

"అక్కా, నీకు షుగర్ ఉందనుకో."

"ఎందుకనుకోవాలి? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. షుగర్ వద్దు."

"పోనీ బీపీ?"

"అదీ వద్దు."

చాలా బేరమాడాక మోకాలి నొప్పికి ఒప్పుకుంది. అది ఎలాగూ ఉంది గనక కొత్తగా వచ్చేదేమీ లేదంది. నేను పరీక్షలో అడగాల్సినట్టే, "మీ నొప్పి గురించి మీరేమనుకుంటున్నారు? మీకు దేని గురించి దిగులుగా ఉంది?" అని అడిగాను. అక్క కత్తెర కింద పెట్టి నావంక చూసింది. "దిగులేముంది? నువ్వు చూస్తే ఇట్టా అయిపోయావ్. అదే నా దిగులు" అంది.

మా ఆయన మాత్రం ఏ జబ్బు ఇచ్చినా కాదనేవారు కాదు. ఆయనతో వేరే చిక్కు. గుండెనొప్పి పేషెంటుగా చేయమంటే, నేను ప్రశ్న మొదలుపెట్టకముందే సోఫాలోంచి కింద పడిపోయేవారు. "మాట్లాడే పేషెంటు కావాలండీ" అంటే, "అంత నొప్పిలో ఎవరు మాట్లాడతారు?" అనేవారు.

ఇక లాభం లేదని ఆ ప్రశ్నల్ని నందిగామలో నా నిజం పేషెంట్ల మీదే ప్రయోగించాను. "మీకేమైందని మీరనుకుంటున్నారు?" అని అడగగానే ఒక్కొక్కరి మొహంలో రంగులు మారేవి. కొందరు పక్కవాళ్ళ వంక చూసేవారు. ఒకాయన లేచి, పెద్ద డాక్టరుగారు ఎప్పుడొస్తారని నెమ్మదిగా అడిగాడు. కొన్నాళ్ళకి ఇంటికెళ్ళే బస్సులో నా వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడం విన్నాను.

"ఆ డాక్టరమ్మకి ఏదో అయిందంట. రోగం ఏంటో మనల్నే చెప్పమంటందంట."

"అయ్యో, మంచావిడే పాపం. చదివిందంతా మర్చిపోయినట్టుంది."

పెద్ద డాక్టరుగారు కూడా పిలిచారు. "ఏంటమ్మా, ఒంట్లో బాగుంటం లేదా? నాలుగు రోజులు సెలవు పెట్టుకో" అన్నారు.

అప్పుడు కంచికచర్లలో కిరాణా కొట్టు నడిపే ఒకావిడ వచ్చింది. తరచూ తలనొప్పితో వచ్చే మనిషే. ఆ రోజు ఆవిణ్ణి, "మీరు దేనికైనా భయపడుతున్నారా?" అని అడిగాను. ఆవిడ గుమ్మంలోవాళ్ళ వంక చూసి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"కళ్ళు కనపడట్లా అండి. కాటా మీద అంకెలు మసకగా ఉంటన్నయ్. అందాజుగా తూస్తన్నా. కళ్ళజోడు పెడితే, అమ్మ పెద్దదైపోయింది, ఇంట్లో కూర్చోమంటాడు మావాడు. ఆ కొట్టులో కూర్చోకపోతే నాకు తోచదండి."

ఆవిడ భర్త పోయాక ఆ కొట్టుని ఒంటిచేత్తో ఎలా నిలబెట్టిందో అంతా చెప్పింది. నేను విన్నాను. కళ్ళ డాక్టరు దగ్గరికి పంపాను. నెల తిరక్కుండా బంగారు రంగు ఫ్రేము పెట్టుకుని వచ్చింది. తలనొప్పి లేదు.

"మీ అబ్బాయి ఏమన్నాడు?" అన్నాను.

"ఏమంటాడండి, వాడిక్కూడా తెప్పించా. వాడికీ కనపడట్లేదంట. నాకు భయపడి చెప్పలేదు."

ఈ సంగతి చెబితే మా ఆయన, "చూశావా, ఇక్కడే అయింది గదా. మరెందుకు వెళ్ళడం?" అన్నారు. నేనూ ఆలోచించాను. కానీ ఆవిడతో మాట్లాడినంతసేపూ బయటివాళ్ళు గుమ్మంలోంచి తొందరపెడుతూనే ఉన్నారు. పెద్ద డాక్టరుగారు రెండో తలుపులోంచి తల పెట్టి చూసి వెళ్ళారు. ఆ తరవాత వచ్చినవాళ్ళందర్నీ పరుగులు పెట్టించాల్సి వచ్చింది. నాకేం కావాలో ఆవిడ వల్ల తెలిసింది. అక్కడ రోజూ అలా కుదరదనీ తెలిసింది.

పరీక్షలో చాలా గదులు సాఫీగానే సాగాయి. ఒక గదిలో మాత్రం, భర్త పోయిన భార్యగా నటించే ఆవిడ నన్ను చూడగానే ఏడుపు మొదలుపెట్టింది. నేను బట్టీపట్టిన ఇంగ్లీషు ఓదార్పులన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఊరుకోమ్మా, ఊరుకో" అన్నాను తెలుగులో. ఆవిడ బిత్తరపోయి ఏడుపు ఆపేసింది. మూలన మార్కులు వేసే ఆయన తలెత్తి చూశాడు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఎలా పాసయ్యానో ఇప్పటికీ తెలియదు.

కొన్నాళ్ళు అక్కడే ఒక పెద్దాసుపత్రిలో చేసి, మళ్ళీ ట్రైనింగ్ అయ్యాక, స్కాట్లండ్‌లో మనుషులకన్నా గొర్రెలు ఎక్కువున్న ఒక చిన్న ఊళ్ళో ఫ్యామిలీ డాక్టరుగా చేరాను. మా ఆయన అక్కడి స్కూల్లో లెక్కలు చెబుతున్నారు. నా గదికి ఒకటే తలుపు. మొదటిరోజు దాన్ని మూసి, కాసేపు ఆ నిశ్శబ్దం వింటూ కూర్చున్నాను. ఈ లోపల బయట పేషెంటు తలుపు తట్టి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడగాల్సి వచ్చింది.

అయితే నేననుకోని ఇబ్బంది ఒకటి ఎదురైంది. నందిగామలో పడిశం పట్టినవాళ్ళు కూడా ప్రాణం పోతోందనేవారు. ఇక్కడ ఏమడిగినా ఫర్వాలేదంటారు. గొర్రెలు పెంచే ఒక పెద్దాయన వేలికి తెగిన గాయం చూపించడానికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. ఆయాసం ఉందా అంటే, ఉన్నా ఫర్వాలేదన్నాడు. ఛాతీలో నొప్పి అంటే, చెప్పుకునేంత కాదన్నాడు. దిగులేమన్నా ఉందా అంటే, వాన గురించి చెప్పాడు. తలుపు మూసి ఉంది, చేతిలో సమయం ఉంది, మనిషి నోట్లోంచి మాట రావడం లేదు.

చివరికి లేచి తలుపు తీశాను. "మీతో ఎవరైనా వచ్చారా?" అన్నాను. బయట బెంచీ మీద ఆయన భార్య స్వెట్టర్ అల్లుకుంటూ కూర్చుని ఉంది. లోపలికి రమ్మన్నాను.

"ఫర్వాలేదన్నాడా?" అందావిడ కూర్చోకుండానే. "నిన్న కొండెక్కుతూ మధ్యలో కూలబడ్డాడు. మొన్నా అంతే. కుక్క వచ్చి అరిస్తే వెళ్ళి తీసుకొచ్చాను."

ఆయన అవమానం జరిగినట్టు కిటికీలోంచి బయటికి చూశాడు. వెంటనే ఆంబులెన్స్ పిలిచాను. గుండె రక్తనాళం పూడుకుపోయింది. సమయానికి స్టెంట్ వేశారు, బతికాడు. ఆ తరవాత నేను ఆ ఊళ్ళో ప్రతి పెద్దాయన్నీ, ఇంట్లోవాళ్ళని వెంటబెట్టుకు రమ్మనడం మొదలుపెట్టాను. భార్యలందరూ నన్ను ఎంతో మెచ్చుకున్నారు. భర్తలు అంతగా మెచ్చుకోలేదు.

చలికాలం వెళ్ళాక, ఒక ఆదివారం ఆ పెద్దాయన భార్య మా ఇంటికి ఫోన్ చేసింది. గొర్రెలు ఈనే రోజులవి. ఒక గొర్రె కడుపులో పిల్ల అడ్డం తిరిగింది. పశువుల డాక్టరు దూరంగా ఇంకో పొలంలో ఉన్నాడు. బరువు పనులు చేయొద్దని ఆయనకి నేనే చెప్పాను గనక ఆయన చేయడానికి లేదు. ఆవిడ చేతులు పెద్దవి, లోపలికి పోవు.

"మీ చేతులు చిన్నవని మా ఆయన గమనించాడట" అంది.

నేను మనుషుల డాక్టర్నని చెప్పాను. ఫర్వాలేదంది. మా ఆయన్ని కారు తీయమన్నాను. వెళ్ళేసరికి ఆ పెద్దాయన కొట్టంలో బకెట్టు తిరగేసి దానిమీద కూర్చుని ఉన్నాడు. నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, భుజం దాకా చొక్కా చెయ్యి మడిపించి, ఎటు తోయాలో, ఏ కాలు ముందు పట్టుకోవాలో చెబుతూ పోయాడు. నా గదిలో అన్ని ప్రశ్నలకీ ఒక్క మాట జవాబివ్వని మనిషి, గొర్రె దగ్గర ఆగకుండా మాట్లాడాడు. గొర్రె నొప్పి ఎలా ఉంటుందో, అది దేనికి భయపడుతుందో అన్నీ చెప్పాడు. మధ్యలో, తనకి కొండ మీద కూలబడినప్పుడు ఎంత భయం వేసిందో కూడా చెప్పేశాడు. ఆయన భార్య అల్లిక ఆపి విన్నది.

పిల్ల జారుతూ నా ఒళ్ళో పడింది. దాని మూతి తుడిచి గడ్డితో రుద్దితే తుమ్మి కళ్ళు తెరిచింది. తల్లి దాన్ని నాకుతుంటే, అడ్డుగా ఉన్న నా మోచెయ్యి కూడా నాకింది. ఇన్నేళ్ళ నా ప్రాక్టీసులో నాకంత సంతోషం కలిగిన రోజులు ఎక్కువ లేవు. లేచి బయటికొస్తే, మా ఆయన ముక్కు మూసుకుని కారు సీటు మీద పాత దుప్పటి పరుస్తున్నారు.