రెండో బంతి

న్యూ మెక్సికో ఎడారిలోని ఒక పురాతన ఆదివాసీ గ్రామంలో, పండుగ రోజున, ముక్కూమొహం తెలియని వాళ్లింట్లో మేమిద్దరం భోంచేశాం. నేనే చొరవగా లోపలికి తీసుకెళ్లానని, మేముండే టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో అందరికీ చెప్పుకున్నాను. అది నిజం కాదు.

పండుగకొచ్చిన వాళ్లందర్నీ పిలిచినట్టే మమ్మల్నీ గుమ్మంలోంచి ఒక పెద్దావిడ, "రండి, తినండి" అని పిలిచింది.

"ఎవరో ఏమిటో! పద, కార్ స్టార్ట్ చేస్తా" అన్నాను. నా భార్య సునీత అప్పటికే గడప దాటింది.

మిరపకాయల కూర, రొట్టె కడుపునిండా తిని, నేను తీరిగ్గా కబుర్లలో పడ్డాను. సునీత మోచేత్తో పొడిచింది.

"లేవండి. వెనక రెండో బంతి వాళ్లు వెయిట్ చేస్తున్నారు."

నిజమే, గోడ వెంట జనం నిలబడి ఉన్నారు. లేచాం.

పెద్దావిడ సునీత చేయి పట్టుకుంది. "ఎవరూ చెప్పకుండానే లేచావే! మీ దేశంలోనూ ఇంతేనా?"

"ఇంతేనండీ. మావాళ్లయితే కుర్చీ పట్టుకునే నిలబడతారు."

ఆవిడ పకపకా నవ్వింది.

మొన్న మా ఇంటికి భోజనానికొచ్చిన స్నేహితులు ఆ కథ మళ్లీ అడిగారు.

"సునీతని అడగండి. నేను కార్ ఎక్కేద్దామన్నాను" అని చెప్పేశాను.

సునీత నా ప్లేట్‌లో ఇంకో గారె వేసింది.

"తీరిగ్గా తినండి. ఇక్కడ వెనకెవరూ లేరు."